నెల తప్పిన రోజు

మా ఆడపడుచు కూతురు సుజాత ఈమధ్యే ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరింది. ఒక సబ్‌సెంటరు, మూడు ఊళ్ళు, ఒక స్కూటీ. చేరిన వారానికి నాకు ఫోను చేసింది.

“అత్తా, డెలివరీ డేటు మీరు చేత్తో లెక్క కట్టేవోరట కదా. ఇప్పుడా బాధ లేదు. తేదీ కొడితే ఫోనే సెప్పేస్తాది.”

“తేదీ కొట్టేది ఎవరే?”

“నేనే.”

“నీకెవరు సెప్తారు?”

“వచ్చిన పేషెంటు.”

“ఆవిడ సెప్పింది ఏ రోజు?”

“అంటే?” అంది సుజాత. నా ఉద్యోగమంతా ఆ ప్రశ్నలోనే ఉంది కాబట్టి, దానికి జవాబు తీరిగ్గా రాసి పంపుతానని ఫోను పెట్టేశాను. ఇది సుజాత కోసం మొదలుపెట్టాను. ఆమెలాగ కొత్తగా చేరిన పిల్లలెవరు చదివినా సంతోషమే.

ముప్పై నాలుగేళ్ళు చేశాను. మొదట శృంగవరపుకోట వైపు కొండ కింద ఊళ్ళు, తర్వాత గజపతినగరం దగ్గర, చివరి పదేళ్ళు శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున. సీనియారిటీ గొడవలు, మెమోలు, బదిలీల సంగతి రాయను. రాస్తే నాకే నిద్రొస్తుంది. ఒక తప్పు గురించి రాస్తాను. ఆ తప్పు ఇంకెవరిదో అయితే ఈ పాటికి నలుగురికీ చెప్పి నవ్వేసేదాన్ని. అది నాది.

ముట్టు ఒకటో తారీఖున రాదు

లెక్క ఏమీ లేదు. ఆఖరిసారి ముట్టయిన మొదటి రోజు తీసుకో. ఏడు రోజులు కలుపు. తొమ్మిది నెలలు ముందుకి వెళ్ళు. అది పురుడు వచ్చే రోజు. అంటే దానికి అటో వారం, ఇటో వారం. కచ్చితంగా ఆ రోజే కన్నవాళ్ళని నా సర్వీసులో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయిదో తరగతి పిల్లకిచ్చినా ఈ లెక్క చేసేస్తుంది. ఆ మొదటి రోజు ఏదో కనుక్కోవడం మాత్రం అయిదో తరగతి పిల్ల వల్ల కాదు. నా వల్ల కావడానికి కూడా ఏళ్ళు పట్టింది.

చేరిన కొత్తలో నా రిజిస్టరు చూసి మా హెల్త్ విజిటరు గారు కళ్ళద్దాలు పైకి తోసుకున్నారు. నేను రాసిన తేదీలన్నీ ఒకటి, అయిదు, పది, పదిహేను.

“ఏమ్మా, మీ ఊళ్ళో ఆడవాళ్ళంతా ఒకటో తారీఖు చూసుకుని ముట్టవుతారా? అదేమన్నా జీతమా?” అన్నారు.

పక్కనున్న ఆయాలు నోళ్ళు మూసుకుని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. నేనేం చేసేదాన్ని? “ఎప్పుడమ్మా?” అని అడిగితే “నెల మొదట్లో” అనేవారు. నెల మొదట్లో అంటే ఒకటి కాక ఇంకేమిటి అని రాసేసుకునేదాన్ని.

ఆ మర్నాడే ఆవిడ తన గొడుగు నాచేత మోయించుకుంటూ ఒక రైతుల ఇంటికి తీసుకెళ్ళారు. ఆ ఇంటి కోడలు చేట పట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. విజిటరు గారు తేదీ ఊసే ఎత్తలేదు. అరుగు మీద చతికిలబడి, “సిరిమాను పండక్కి విజయనగరం ఎల్లినావేటే?” అని అడిగారు.

“నానెక్కడెల్తానమ్మా, ఆ పొద్దే బయటున్నాను. మా ఇంటిల్లిపాదీ ఎల్లినారు. నా ఒక్కదాన్నీ వదిలేసి మరీ ఎల్లినారు” అంది ఆ కోడలు, ఆ కోపం ఇంకా తగ్గనట్టు.

విజిటరు గారు నావైపు తిరిగి, “రాసుకో. సిరిమాను మంగళవారం” అన్నారు.

మన ఆడవాళ్ళకి తారీఖు గుర్తుండదు. గుడికి వెళ్ళలేకపోయిన పండగ మాత్రం చచ్చేదాకా గుర్తుంటుంది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఆవిడని గొప్ప మనిషి అనను. పేదోళ్ళ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. కింది ఉద్యోగులని నలుగురిలో కడిగేసేవారు. అయినా ఆ ఒక్క పాఠం కోసం ఆవిడ గొడుగు ఇంకో పదేళ్ళు మోసినా నష్టం లేదనిపిస్తుంది.

మూడు రోజులు, మూడు మాటలు

రెండో పాఠం నేనే నేర్చుకున్నాను. మనం అడిగే రోజు ఒకటి. వాళ్ళు చెప్పే రోజులు మూడు.

బయటున్న రోజు ఒకటి. అది మనకి కావలసింది. తలకి పోసుకున్న రోజు ఇంకొకటి. అది నాలుగైదు రోజుల తర్వాత వస్తుంది. చాలామందికి ఇదే బాగా గుర్తుంటుంది, ఆ రోజు నుంచి వంటింట్లోకి వెళ్ళొచ్చు కాబట్టి. మూడోది నెల తప్పిన రోజు. అంటే ముట్టు రావలసి ఉండీ రాని రోజు. అది ఇంచుమించు నాలుగు వారాల తర్వాతది. మన తెలుగులో కడుపొచ్చిందని చెప్పడానికి మర్యాదైన మాట ‘నెల తప్పింది’ అనే. అందుకే నోటికి అదే ముందొస్తుంది. “ఎప్పుడు నెల తప్పావమ్మా?” అని అడిగావో, ఆవిడ నిజమే చెబుతుంది. నువ్వు మాత్రం తప్పు రాస్తావు.

ఇదంతా నాకు తెలుసు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ నేనే చెప్పేదాన్ని. తెలిసీ తప్పు చేశాను.

బుధవారం

చివరి పదేళ్ళలో నాకున్న ఊళ్ళలో ఒకటి సముద్రం పక్కన చేపల వేటగాళ్ళది. శ్రీకూర్మం అక్కడికి దగ్గరే. ఊరి పేరు రాయను, ఆ మనుషులంతా ఇప్పటికీ అక్కడే ఉన్నారు. మన వైపు వేట చాలక ఆ ఊరి మగాళ్ళు సగంమంది గుజరాత్‌లో వీరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. ఆగస్టు మొదట్లో రైలెక్కితే మళ్ళీ వేసవిలోనే రావడం. రత్నం మొగుడు అప్పన్న కూడా అలాగే వెళ్ళాడు. వాళ్ళకి పెళ్ళయి అప్పటికి ఏడాది దాటింది.

సెప్టెంబరు ఆఖర్లో ఒక బుధవారం, టీకాల రోజు. అంగన్వాడీలో పాతికమంది తల్లులు. పిల్లల ఏడుపుకి నా మాట నాకే వినబడటం లేదు. రత్నాన్ని వాళ్ళత్త పోలమ్మ తీసుకొచ్చింది. తొలి కడుపు. పోలమ్మ ముఖం వెలిగిపోతోంది. కోడలి కోసం బెల్లం జీడీలు కొంగున కట్టుకుని మరీ వచ్చింది.

నేను సూది చేతిలో పట్టుకునే అడిగాను. “ఎప్పుడమ్మా నెల తప్పింది?”

“ఆయన ఎల్లిన నాలుగో రోజు, నర్సమ్మా” అంది రత్నం, తల వంచుకుని.

“ఆడు రెండో తారీఖుకి రైలెక్కినాడమ్మా” అని పోలమ్మ అందించింది.

రెండు, నాలుగు కలిపితే ఆరు. గర్భిణుల కార్డులో ఆఖరి ముట్టు అన్న గడిలో ఆగస్టు ఆరు అని రాశాను. పురుడు తేదీ మే పదమూడు. రత్నం నెల తప్పిన రోజు చెప్పింది. నేను దాన్ని ముట్టయిన రోజుగా రాశాను. కార్డు ఆమె చేతిలో పెట్టి తర్వాతి బిడ్డని పిలిచాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇప్పుడు ఆ కార్డు ఏం చెబుతోందో చూడండి. మొగుడు రెండో తారీఖున ఊరు వదిలాడు. ఆరో తారీఖున ఈమెకి ముట్టయింది. ఆ తర్వాత కడుపొచ్చింది. ఇదంతా నా చేతిరాతతో, నా సంతకంతో ఉంది. రాసిన నాకు అందులో ఏముందో తట్టలేదు.

చెయ్యి చెప్పింది, నేను వినలేదు

తప్పు దిద్దుకోవడానికి నాకు అవకాశాలు రాలేదని కాదు. కార్తీకం ఆఖర్లో బిడ్డ కదిలిందని రత్నం సంబరంగా చెప్పింది. కార్డు ప్రకారం అప్పటికి నాలుగో నెల సగం. తొలి చూలుకి అంత తొందరగా కదలిక తెలియదు. “గాలి అయ్యుంటుందిలే” అని నవ్వేశాను.

పుష్యంలో టేపు పెట్టి పొట్ట కొలిస్తే ఉండాల్సినదానికన్నా నాలుగు సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. బిడ్డ బొద్దుగా ఉందనుకున్నాను. మరుసటి నెలా నాలుగే ఎక్కువ. ఆ పై నెలా నాలుగే. ఉమ్మనీరు కాస్త ఎక్కువేమో అనుకున్నాను. అప్పట్లో మా దగ్గర స్కాను అనుమానం ఉన్నవాళ్ళకే రాసేవాళ్ళు. నాకు అనుమానం లేదు. ముప్పై ఏళ్ళ అనుభవం కదా.

పిల్లలూ, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. కాగితం మీద ఉన్నదీ చేతికి తగిలేదీ వేరైతే, కాగితాన్ని అనుమానించండి. నేను కాగితం రాసినదాన్ని కాబట్టి పొట్టని అనుమానించాను. దాన్ని కాగితానికి సరిపెట్టడానికి నెలకో సాకు వెతుక్కున్నాను.

పోలమ్మ ఇంట్లో

ఏప్రిల్ ఇరవై ఒకటిన పొద్దున్నే ఆ ఊరు వెళ్ళాను. రత్నం ఇంట్లో లేదు. పోలమ్మ నన్ను చూసి మాట్లాడకుండా లోపలికి వెళ్ళబోయింది.

“రత్నమేది?”

“కన్నోరింటికెల్లిపోనాది.”

తొలి పురుటికి పుట్టింటికి వెళ్ళడం మామూలే. కానీ శ్రీమంతం చేసి, చీర పెట్టి, ఊరంతా తెలిసేట్టు పంపుతారు. ఆ సందడి జరిగితే నాకు కబురు రాకుండా ఉండదు.

“శ్రీమంతం చేశారా?” అని అడిగాను.

“ఎవుల కడుపుకి సెయ్యమంతావమ్మా శ్రీమంతం?” అంది పోలమ్మ.

అప్పుడు చెప్పింది. ఆమె పెద్దకోడలు పదో తరగతి చదువుకుంది. కార్డు చూసి మే పదమూడు నుంచి వెనక్కి తొమ్మిది నెలలు లెక్కపెట్టింది. ఆగస్టు పదమూడు వచ్చింది. అప్పన్న వెళ్ళింది రెండున. వీరావల్‌కి ఫోను చేసి ఆ మాట అతనికీ చెప్పారు. అతను రత్నానికి ఫోను చేయడం మానేశాడు. వీధి వీధంతా పాకిపోయింది. మూడు వారాల కిందట రత్నాన్ని ఆటో ఎక్కించి పంపేశారు.

“మేం అన్నది కాదమ్మా. నీ కార్డే సెప్పింది. సదువుకున్నదానివి, నువ్వు తప్పు రాస్తావేటి?”

ఇక్కడ అబద్ధం రాయను. ఒక క్షణం నేను కూడా రత్నాన్నే అనుమానించాను. ‘అయ్యో, ఈ పిల్ల ఎంత పని చేసింది’ అనుకున్నాను. నా చేతిరాత తప్పేమో అన్న ఆలోచన నాకు రాలేదు. వీధి చివరిదాకా నడిచి ఆటో కోసం నిలబడ్డాక, ప్రతి నెలా ఎక్కువొచ్చిన ఆ నాలుగు సెంటీమీటర్లు గుర్తొచ్చాయి. నాలుగు సెంటీమీటర్లంటే నాలుగు వారాలు.

ఏ పండగకి వెళ్ళలేదు?

రత్నం పుట్టిల్లు తీరం వెంబడి ఇంకాస్త పైన, నా పరిధిలోది కాదు. ఆ ఊరికి వేరే ఏఎన్‌ఎం ఉంది. ఆమెకి ఫోనులో ఒక మాట చెప్పి వెళ్ళిపోయాను.

రత్నం చాప మీద గోడకి జారబడి కూర్చుంది. ముఖం పాలిపోయి ఉంది. వాళ్ళమ్మ నన్ను చూసి లేచి లోపలికి పోయింది. నేను కింద కూర్చుని పొట్ట మీద చెయ్యి వేశాను. పొట్ట బాగా కిందికి జారి ఉంది. బిడ్డ తల దిగి కుదురుకుంది. అది ఇంకా ఇరవై రెండు రోజులు ఉన్న పొట్ట కాదు.

“బిడ్డ బాగా తిరుగుతోందా?”

“రెండ్రోజుల బట్టి తక్కువగున్నాది, నర్సమ్మా. నిన్న ఒక్కపాలే కదిలినాది.”

వెంటనే లేపి బయల్దేరదీయాలనిపించింది. అయినా ఆ ప్రశ్న సరిగ్గా అడగాలి. ఏడు నెలల కిందట అడగవలసిన ప్రశ్న.

“అప్పన్న వీరావల్ వెళ్ళకముందు, ఏ పండక్కైనా గుడికి వెళ్ళకుండా బయటున్నావా?”

రత్నం వెంటనే చెప్పింది. “తొలేకాసికి. ఆయన ఎల్లిపోతన్నాడని అందరం శ్రీకూర్మం ఎల్లినాం. తీరా ఎల్లేతలికి నాకు ముట్టయిపోనాది. ఆళ్ళందరూ గుడిలోకెల్లినారు. నాను ఆటోలోనే కూకుండిపోనాను. మాయత్త తిట్టినాది కూడా.”

ఆ ఏడు తొలి ఏకాదశి జూలై తొమ్మిదిన. దానికి ఏడు రోజులు, తొమ్మిది నెలలు. ఏప్రిల్ పదహారు. నెల తప్పింది ఆగస్టు ఆరున, ఆ పిల్ల నాతో చెప్పిన రోజునే. అంతా సరిపోయింది. ఆమెకి నెలలు నిండి అయిదు రోజులు దాటిపోయింది. బిడ్డ కదలిక తగ్గింది. నా కార్డు మాత్రం ఇంకా టైముందని చెబుతోంది.

“లే. ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్తున్నాం.”

లోపల్నుంచి వాళ్ళమ్మ వచ్చింది. “ఇంకా ఇరవై రోజులున్నాది కదమ్మా. నువ్వే రాసినావు.”

“నేనే రాశాను. తప్పు రాశాను. బేగి బట్టలు సర్దు.”

కొత్త కార్డు

108 కోసం చూస్తూ మా డాక్టరు గారికి ఫోను చేశాను. చెడ్డాయన కాదు. కింది వాళ్ళకి మాట రానివ్వడు. ఆ మంచితనంతోనే ఒక సలహా ఇచ్చాడు.

“దానికేముంది సిస్టర్, కొత్త కార్డు ఒకటి సరైన తేదీతో రాసి ఇచ్చేయండి. పాతది చింపేయండి. మెమో గొడవుండదు.”

నిజం చెప్పొద్దూ, ఆశ పుట్టింది. రిటైరవడానికి ఎన్నాళ్ళో లేదు. సంచిలో ఖాళీ కార్డులున్నాయి. కానీ కొత్త కార్డు చూస్తే ఊరు ఏమంటుంది? నర్సమ్మ జాలిపడి ఆ పిల్ల కోసం తేదీ మార్చిందంటుంది. తప్పు నాదని కనపడాలంటే తప్పు కూడా కార్డులోనే ఉండాలి.

ఎర్రకలం తీసి ఆగస్టు ఆరుని అడ్డంగా కొట్టాను, కింద అంకె కనిపించేట్టుగానే. పక్కన రాశాను: ‘నెల తప్పిన తేదీని పొరపాటున ముట్టు తేదీగా రాశాను. సరైన తేదీ జూలై 9.’ కింద పూర్తి సంతకం. మర్నాడు రిజిస్టర్లోనూ అలాగే దిద్దాను. మెమో వచ్చింది. చదివి సంతకం పెట్టి తీసుకున్నాను.

ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ కార్డు రెండుసార్లు చదివింది. “ఏ తేదీని నమ్మమంటారు?” అంది.

“కొట్టేయనిదాన్ని నమ్మండి. అది ఆమె చెప్పింది. కొట్టేసింది నేను చెప్పింది.”

బిడ్డ గుండె చప్పుడు చూశారు, స్కాను చేశారు. ఉమ్మనీరు బాగా తగ్గిపోయిందన్నారు. సాయంత్రంలోపే ఆపరేషను చేసి తీసేయాలన్నారు. బట్టలు మార్చుతుంటే రత్నం నా చెయ్యి పట్టుకుంది.

“నాకేటైనా అయితే నా బిడ్డని ఆళ్ళు ముట్టరు, నర్సమ్మా. మాయత్తకి ఒక్కమాట సెప్పు.”

వీధిలోకి

మళ్ళీ పోలమ్మ ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడయింది. ఇసక మీద వలగుడ్డ పరిచి నెత్తళ్ళు ఎండబెట్టి, వాటిని తిరగేస్తోంది. పెద్దకోడలు గుమ్మంలో ఉంది. రత్నం పేరు ఎత్తితే మాట సాగనివ్వదని నాకు తెలుసు.

“పోలమ్మా, పోయినేడు తొలి ఏకాదశికి శ్రీకూర్మం వెళ్ళారట కదా?”

“ఎల్లినాం. అయితే ఏటి?”

“ఇంటిల్లిపాదీ దర్శనం చేసుకున్నారా?”

“అందరం సేసుకున్నాం. ఆ గుంటే గుడి కాడికొచ్చినాక ముట్టయిపోనాను అన్నాది. ఆటోలో కూకోబెట్టి...”

అక్కడ ఆగిపోయింది. చేతిలో చేపలు అలాగే ఉన్నాయి. పోలమ్మ ఆరుగురిని కన్నది. నేను చెప్పకుండానే వేళ్ళు మడిచింది. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం, అలా చైత్రం దాకా. మడిచిన వేళ్ళకేసి చూసుకుంటూ ఉండిపోయింది.

“మరి కార్డులో ఆగస్టని ఎందుకు రాసినావు?”

“నేను తప్పుగా అడిగాను. నెల తప్పిన రోజు అడిగి ముట్టయిన రోజని రాశాను. ఆ పిల్ల నిజమే చెప్పింది. తప్పు నాది.”

పోలమ్మ లేచింది. కొడుతుందేమో అనుకున్నాను, కొట్టినా పడేదాన్ని. నా జబ్బ పట్టుకుంది.

“ఇక్కడ కాదు. నా కోడల్ని ఈదంతా ఆడిపోసుకున్నాది. ఈదిలోకొచ్చి సెప్పు.”

కుళాయి దగ్గర బిందెలతో పది పదిహేనుమంది ఆడవాళ్ళున్నారు. నా చేత టీకాలు వేయించుకున్నవాళ్ళు, నేను పురుళ్ళు పోసినవాళ్ళు. వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. ఏం అడిగానో, ఏం రాశానో, దానివల్ల ఏం జరిగిందో అంతా. కుళాయి నీళ్ళు బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ కట్టేయలేదు. చివర్న ఒక ముసలావిడ, “మరి మా గుంటల తేదీలైనా సరిగ్గా రాసినావా?” అంది. అడగవలసిన మాటే అడిగింది. ఆ వారం ఆ ఊళ్ళో కడుపుతో ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి మళ్ళీ మొదట్నుంచి అడిగాను.

పోలమ్మ చేపల చేతులతోనే ఆటో ఎక్కింది. దారి పొడుగునా నన్ను తిట్టింది. మధ్యలో తనని తాను తిట్టుకుంది. రెండూ ఒకే గొంతుతో తిట్టింది.

గోళ్ళు

అయిదు దాటాక ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. కాస్త సాయం చేస్తే ఏడ్చింది. కార్డు నమ్మి ఇంకో వారం ఆగి ఉంటే ఆ ఏడుపు వినేవాళ్ళం కాదేమో. ఆ సంగతి ఇప్పటికీ తలుచుకోవడానికి నాకు భయం.

గుడ్డలో చుట్టి తెచ్చాక పోలమ్మ బిడ్డ చేతులు విప్పి చూసింది. నెలలు నిండి దాటిన బిడ్డకి చర్మం పొట్టు రేగుతుంది, గోళ్ళు వేలికొసలు దాటి పెరుగుతాయి.

“ఓలమ్మా, గోళ్ళు సూడు. ఎంత పెరిగిపోనాయో. నెల తక్కువ పిల్ల కాదిది” అని ఏడ్చింది.

ఆ మర్నాడు నేను మళ్ళీ వెళ్ళాను. పోలమ్మ మంచం పక్కన కూర్చుని రత్నానికి జావ తాగిస్తోంది. అప్పుడే వీరావల్ నుంచి అప్పన్న ఫోను. పోలమ్మ మాట్లాడి, ఫోను రత్నం చెవి దగ్గర పెట్టబోయింది. రత్నం ముఖం పక్కకి తిప్పుకుంది.

“మాట్లాడే. ఆడు ఏడుస్తన్నాడు. తేదీ తప్పని తెలిసిపోనాది కదా” అంది పోలమ్మ.

నేను రత్నం కాళ్ళ దగ్గర కూర్చున్నాను. “నన్ను క్షమించమ్మా” అన్నాను. రత్నం కోపంగా లేదు. అలిసిపోయి ఉంది. నాతో అన్నా, గదిలో ఉన్న అందరికీ వినబడేట్టుగానే అంది.

“నీ లెక్క తప్పయినప్పుడు నన్ను తప్పన్నారు. నీ లెక్క ఒప్పయితే ఇప్పుడు నన్ను ఒప్పంతన్నారు. నర్సమ్మా, అప్పుడూ కార్డునే అడిగినారు, ఇప్పుడూ కార్డునే అడిగినారు. నన్ను అడిగినోళ్ళు ఒక్కలూ లేరు.”

పోలమ్మ గిన్నె కింద పెట్టేసింది. ఫోనులో అవతల అప్పన్న “ఏటి, ఏటన్నాది?” అంటున్నాడు. తేదీ దిద్ది ఆ పిల్ల పరువు నిలబెట్టానని ముందు రోజంతా లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా. ఒక ఆడదాని మాట నిలబడటానికి నా ఎర్రకలం కావలసి రావడమే తప్పని ఆమె చెప్పేదాకా నాకు తెలియలేదు.

వాళ్ళు కలిసే ఉన్నారు. అప్పన్న వేసవికి వచ్చాడు. రత్నం అతనితో మాట్లాడటానికి చాలా రోజులు పట్టిందని పోలమ్మే చెప్పింది. పట్టాలి మరి.

ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పెట్టుకున్నాను. టీకాల గొడవలో కార్డు రాయను. ఎంత జనం ఉన్నా ఆవిడని పక్కకి తీసుకెళ్తాను. ‘నెల తప్పింది’ అన్న మాట నా నోటి నుంచి రానివ్వను. “ఆఖరిసారి బయటున్న మొదటి రోజు ఏది? ఆ రోజు ఏం జరిగింది?” అని అడుగుతాను. రాశాక, అది ఆవిడకి చదివి వినిపించేదాకా కలం మూసేయను.

సుజాతా, నీ ఫోను మంచిదే, లెక్క తప్పదు. తేదీ కొట్టే ముందు మాత్రం తల ఎత్తి ఆవిడ ముఖం చూడు. నువ్వు విన్నది ఆవిడకి తిరిగి చెప్పు. “ఇది నువ్వు చెప్పిందేనామ్మా?” అని అడుగు. ఆవిడ అవునన్నాకే కొట్టు.